బాపు తన తమ్ముణ్ణి బయటికి పంపిన ఆట

మంచు మీద ఆడే హాకీకి మా కాకను తీసుకెళ్దామన్న ఆలోచన నా కూతురు నిహది. అది ట్రాలీ అనే ఐరిష్ ఊళ్ళో ఆసుపత్రి డాక్టరు. తోటి డాక్టరొకామె బెల్‌ఫాస్ట్‌లో మ్యాచ్‌కి టికెట్లు కొని, ఆఖరి నిమిషంలో డ్యూటీ పడి, దీని చేతిలో పెట్టిందట. "తాత కబడ్డీ ప్లేయర్ కదమ్మా, హీ విల్ లవ్ ఇట్" అంటూ శనివారం రైలెక్కి మా ఇంటికి వచ్చేసింది. కాక అంటే మా బాపు తమ్ముడు, ఐలయ్య. డెబ్బై దాటినా నడుం వంగని మనిషి. కాజీపేటలో ఎండలు ముదరకముందే, ఇక్కడ రాజధాని శివారు సిటీవెస్ట్‌లోని మా ఇంటికి వచ్చాడు. పొద్దున్నే మెడకు మఫ్లరు చుట్టుకుని లువాస్ ట్రామెక్కి ఊరి ఆ చివరిదాకా పోయి వచ్చేవాడు. ఎవరు పలకరించినా "గ్రాండ్, గ్రాండ్" అనడం వారం తిరక్కముందే నేర్చుకున్నాడు. సరిహద్దు అవతల, బ్రిటిష్ పాలనలో ఉన్న బెల్‌ఫాస్ట్‌కి వెళ్ళడానికి ఆయన వీసా సరిపోతుందని మా ఆయన మధు ఒకటికి రెండుసార్లు చూసుకుని, ఆదివారం మధ్యాహ్నం కారు తీశాడు.

ఆట జరిగే హాలు లోపల చలి మాంసంలోకి దిగేలా ఉంది. ఒంటి నిండా కవచాలు తొడుక్కున్న ఆటగాళ్ళు మంచు మీద బాణాల్లా పోతుంటే కాక నోరు తెరుచుకుని చూశాడు. "ఇనుప బీరువాలకు చక్రాలు పెట్టినట్టున్నది బిడ్డా. గీళ్ళకు దెబ్బ తాకుతదా అసలు?" అన్నాడు. తాకుతుందని కాసేపటికే తెలిసింది. ఎదుటి జట్టువాడొకడు మూలకు జారిన, బంతికి బదులు వాడే నల్లబిళ్ళ కోసం వంగాడు. ముఖం గోడవైపు, వీపు మైదానం వైపు. బెల్‌ఫాస్ట్ జట్టువాడు వెనకనుంచి పూర్తి వేగంతో వచ్చి భుజంతో గుద్దాడు. మేము కూర్చున్న చోటిదాకా గాజు అద్దం దడదడలాడింది. వంగినవాడు అలాగే కూలిపోయాడు, కర్ర ఒకవైపు, తను ఒకవైపు. రెఫరీ చెయ్యెత్తాడు. గుద్దినవాణ్ణి కాసేపు పక్కన కూర్చోబెట్టడం కాదు, మొత్తం ఆటలోంచే పంపేశాడు. హాలంతా రెఫరీ మీద విరుచుకుపడింది. మా వెనక కూర్చున్న పెద్దాయన, మనవరాలి చెవులు మూసి మరీ తిట్టాడు. కాక మాత్రం లేచి నిలబడి, బయటికి నడిచి వెళ్తున్న ఆటగాణ్ణి తలుపు మూసుకునేదాకా చూస్తూ ఉండిపోయాడు.

తిరుగు ప్రయాణంలో కారులో వాదన మొదలైంది. మధుకు శిక్ష నచ్చలేదు. "అంత కష్టపడి నేర్చుకున్న ఆటలో గుద్దడం కూడా భాగమే. జీతమిచ్చి ఆడిస్తున్నారు, గుద్దితే పంపిస్తామంటారు. కింద పడ్డవాడు లేచి నడుచుకుంటూనే పోయాడుగా" అన్నాడు. నిహ ఊరుకోలేదు. అది కోపమొస్తే తెలుగు వదిలేసి ట్రాలీ వైపు మాట్లాడే కెర్రీ యాస ఇంగ్లీషులోకి దిగుతుంది. ఆదివారాలు రగ్బీ మైదానాల నుంచీ, గేలిక్ ఫుట్‌బాల్ నుంచీ తలకు దెబ్బతో తన దగ్గరికి వచ్చే పిల్లల గురించి చెప్పింది. లేచి నడిచి వచ్చినవాళ్ళే, వాళ్ళమ్మ పేరు అడిగితే వెతుక్కుంటారట. "డాడ్, బ్రెయిన్‌కి అది గేమ్ అని తెలీదు" అంది. నేను కాకకు విడమరిచి చెప్పాను. ఆయన కిటికీలోంచి చూస్తూ ఊఁ కొట్టాడు. "నువ్వేమంటావు తాతా? పనిష్ చెయ్యాలా వద్దా?" అని నిహ అడిగితే, "మీ అమ్మనడుగు బిడ్డా. ఆమె చూసింది" అన్నాడు. అలా, సరిహద్దు దాటి ఇల్లు చేరేదాకా, నా తొమ్మిదో తరగతి నాటి సంగతి నేను చెప్పాల్సి వచ్చింది. ఇక్కడ ఇంకాస్త తీరిగ్గా చెబుతాను.

మాది కాజీపేట రైల్వే కాలనీలో రెండు గదుల క్వార్టరు. మా బాపు మల్లయ్య లోకోషెడ్డులో ఫిట్టరు. సాయంత్రం షెడ్డు నుంచి రాగానే వాకిట్లో కూర్చుని, రంపపు పొట్టులో కాస్త కిరసనాయిలు కలిపి మోచేతులదాకా రుద్దుకునేవాడు. ఆ తర్వాత బట్టల సబ్బు, ఆ తర్వాత ఉత్త నీళ్ళు. ఇంత చేసినా అన్నం కలిపే ముందు చెయ్యి వాసన చూసుకునేవాడు. ఈనాటికీ ఎక్కడైనా కిరసనాయిలు వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది. కాక కూడా మాతోనే ఉండేవాడు. అదే షెడ్డులో దినకూలీ ఖలాసీ. ఉద్యోగం పక్కా కాలేదు కాబట్టి పెళ్ళి కుదరలేదు, పెళ్ళి కుదరలేదు కాబట్టి ఇంట్లో ఆయనకు వేళాపాళా లేదు. తెల్లవారుజామున అంబలి తాగి గ్రౌండుకు పోయి, ఒళ్ళంతా మట్టితో వచ్చేవాడు. అమ్మ మూకుట్లో ఉప్పు వేయించి గుడ్డలో మూటగట్టి ఆయన మోకాళ్ళకు కాపడం పెట్టేది. "మనిషివా, దున్నపోతువా? ఏడ కొట్టుకుంటవ్‌రా ఇట్ల?" అని తిడుతూనే పెట్టేది. మా ఇంట్లో ఆముదం, పసుపు, నీలగిరి తైలం వంటింటి సరుకుల్లో లెక్క. పోపుల డబ్బా పక్కనే ఉండేవి.

కాక కాలనీ జట్టుకు ప్రాణం. కూతకు వచ్చినవాణ్ణి పరుగున వచ్చి భుజంతో గుద్ది గీత అవతలికి నెట్టడంలో ఆయనకు జిల్లాలో పేరు. బాపుది వేరే పేరు. ఆయన కబడ్డీ ఆడడం మానేసి అంపైరుగా మారాడు. ఆట ఉన్నరోజు పొద్దున్నే తెల్లచొక్కా తానే ఉతికి, గంజి పెట్టి, బొగ్గుల ఇస్త్రీతో మడతలు తేల్చేవాడు. గీతల సున్నం తానే పోసేవాడు. తాడు పట్టి కొలిచి, కాస్త వంకర పోయినా కాలితో చెరిపి మళ్ళీ పోసేవాడు. "మల్లన్న ఊదితే మాకు సమ్మతమే" అని ఎదుటి ఊళ్ళవాళ్ళు కూడా అనేవారు. అందుకే తమ్ముడు ఆడే ఆటకు అన్న అంపైరుగా ఉన్నా ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. బాపు అన్యాయం చేస్తే అది తమ్ముడికే చేస్తాడని అందరూ నవ్వేవారు.

ఆ ఏడు దసరా సెలవుల పోటీల ఫైనల్‌కి, బొగ్గుగనుల ఊరి జట్టు వచ్చింది. చూడ్డానికి రైల్వే పెద్ద జట్టుకు ఆటగాళ్ళను ఏరుకునే ఇద్దరు ఆఫీసర్లు కుర్చీలు వేయించుకుని కూర్చున్నారు. ఆ జట్టులో పేరొస్తే కాక ఉద్యోగం పక్కా అవుతుంది. ఆ సంగతి కాలనీలో అందరికీ తెలుసు, అందరికంటే బాపుకు తెలుసు. అమ్మ ఆ పొద్దున కాక నుదుటన బొట్టు పెట్టి పంపింది. ఆట చివరికొచ్చేసరికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. అప్పుడు మొగిలి అనే సన్నటి, పొడుగాటి కుర్రాడు కూతకు వచ్చాడు. అతని కూత పాటలా ఉండేది, ఎక్కడా తెగేది కాదు. మావాళ్ళలో ఒకడు అతని చీలమండ దొరకబుచ్చుకున్నాడు, ఇంకొకడు నడుం చుట్టేశాడు. మొగిలి నడిమి గీత వైపు చేతులు చాపి, కూత ఆపకుండా, అంగుళం అంగుళం పాకుతున్నాడు. కూత ఆగలేదు కనుక ఈల మోగలేదు. అవతలి మూలనుంచి కాక పూర్తి పరుగుతో వచ్చి భుజంతో గుద్దాడు. ఎండుకట్టె విరిగిన చప్పుడు నాకు వినిపించింది. కూత ఆగిపోయింది.

కాలనీ మొత్తం ఎగిరి గంతేసింది. నేనూ గంతేశాను. కాక రెండు చేతులూ పైకెత్తాడు. అప్పుడు బాపు ఈల మోగింది, పొడుగ్గా. కాకను చూపించి, ఆ చేతినే గీత అవతలికి తిప్పాడు.

"అన్నా! ఏం చేసిన్నే?"

"బయటికి నడువు."

"కూత ఆగలే గదనే! ఆట నడుస్తనే ఉండె!"

"నడువు, ఐలయ్యా."

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి బాపు ఆయన్ని "ఐలిగా" అనడమే తప్ప నిండుపేరుతో పిలిచింది నేను వినలేదు. కాక కూడా వినలేదనుకుంటాను. కుర్చీల్లో కూర్చున్న ఆఫీసర్ల వైపు ఒకసారి చూసి, తల దించుకుని గీత దాటాడు. ఒక మనిషి తక్కువై మావాళ్ళు ఓడిపోయారు. మొగిలికి మెడకింది ఎముక విరిగిందని, వరంగల్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారని సాయంత్రానికి తెలిసింది. పెద్ద జట్టుకు మా కాలనీ నుంచి వేరే ఇద్దరి పేర్లు పట్టుకుని ఆఫీసర్లు రైలెక్కారు.

ఆ తర్వాత మా రెండు గదుల్లో రెండు దేశాలు వెలిశాయి. కాక తిన్నాక బాపు తినేవాడు, బాపు తిన్నాక కాక తినేవాడు. ఇద్దరికీ ఒకరి ఎదుట ఒకరు కంచం పెట్టుకోవడం ఇష్టం లేదు. "నల్లా వచ్చిందని మీ కాకకు చెప్పు" అని బాపు నాతో అంటే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్న కాక, "ఇన్నానని చెప్పు" అని నాతోనే అనేవాడు. షెడ్డులో బాపుతో ఎవరూ చాయ్ తాగడం లేదని అమ్మకు పక్కింటావిడ చెప్పింది. ఎవరో మా కిటికీ అద్దం పగలగొట్టారు. బాపు ఏమీ అనకుండా అట్టముక్క కోసి మేకులు కొట్టాడు. అమ్మ మాత్రం ఒకరోజు రొట్టె కొడుతూ కొడుతూ ఆగి అడిగింది. "ఒక్కసారికి చూడనట్టు ఊకుంటే ఏం పోయేది? తమ్ముని బతుకు బాగుపడేది." బాపు లేచి వెళ్ళి చెప్పులు వేసుకున్నాడు. ఆయనకు తన నిర్ణయం మీద అనుమానం ఉన్నట్టు నాకు ఎన్నడూ అనిపించలేదు. బాధ ఉన్నట్టు మాత్రం తెలిసేది. అంతకుముందు వాకిట్లో చేతులు రుద్దుకుంటూ కూనిరాగం తీసేవాడు. అది పోయింది.

చలి ముదిరాక, ఎముక సరిగా అతకక మొగిలి మళ్ళీ పెద్దాసుపత్రిలో చేరాడని విని, కాక వరంగల్ వెళ్ళి చూసి వచ్చాడు. బ్రెడ్డూ, బత్తాయిలూ తీసుకెళ్ళాడట. వచ్చిన మనిషి ముఖం వెలిగిపోతోంది. బాపు అన్నం తింటున్నాడు. అన్ని రోజుల తర్వాత కాక నేరుగా ఆయన ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"మొగిలి నన్నేమంటలేడు. నీ జాగల నేనున్నా గట్లనే గుద్దేటోన్ని అన్నడు. దెబ్బ తాకినోడే తప్పులేదంటుంటే, నడుమ నువ్వెవలవే నన్ను పంపెటానికి?"

బాపు ముద్ద మింగి, చెయ్యి కడుక్కున్నాడు. "వాడేమంటడో అడిగి ఊదనురా నేను. వాడు లేచి మట్టి దులుపుకొని పోయినా నిన్ను పంపుడే."

"ఎందుకు? గుద్దుడు ఆటల లేదా?"

"ఉన్నది. పరుగెత్తేటోన్ని గుద్దు, వానికి తప్పుకునే తొవ్వ ఉంటది. ఇటు రా. వంగు."

కాకను నేల మీద పాకుతున్నవాడిలా వంచాడు. ఒక కాలు నన్ను పట్టుకోమన్నాడు, నడుం అమ్మను పట్టుకోమన్నాడు. అమ్మ పిండి చేతులతోనే వచ్చి మరిదిని గట్టిగా చుట్టేసింది. "ఇగ చేతులు ముంగటికి చాపు" అన్నాడు బాపు. కాక చాపాడు. బాపు పక్కకు వచ్చి, చూపుడువేలు కాక భుజం మీద ఆనించి, తలుపు తోసినట్టు తోశాడు. జిల్లాలో ఎవరూ కదిలించలేని మా కాక, పప్పుగిన్నె మీదికి దబ్బున పడిపోయాడు. మొదట నవ్వింది అమ్మే. పొట్ట పట్టుకుని, పిండి ముఖానికి పూసుకుంటూ నవ్వింది. గడ్డానికి అంటిన పప్పుతో కాక కూడా నవ్వాడు.

"ఒక్క వేలు సరిపాయె" అన్నాడు బాపు నవ్వకుండా. "నువ్వు మొత్తం భుజం పెట్టినవ్, ఐలిగా." ఆ రాత్రి ఇద్దరి కంచాలూ పక్కపక్కనే పడ్డాయి.

అయినా పోయింది పోయింది. ఇంకో అవకాశం వచ్చేసరికి కాక వయసు దాటిపోయింది. ఉద్యోగం చాలా ఏళ్ళకు, అందరితోపాటు వరుసలో పక్కా అయింది. పెళ్ళీ అలాగే ఆలస్యమైంది. రైల్వే పెద్ద జట్టు బనీను ఆయన ఎన్నడూ తొడుక్కోలేదు. మొగిలితో మాత్రం దోస్తీ కుదిరింది. వాళ్ళింటి పెళ్ళిళ్ళకు ఈయన, మా ఇంటి పెళ్ళిళ్ళకు ఆయన. బాపు పోయినప్పుడు మొగిలి రాత్రికి రాత్రి బస్సెక్కి వచ్చి, మా వాకిట్లో నిలబడి ఏడ్చాడు.

నేను చెప్పడం ముగించేసరికి కారు మా వీధి మలుపు తిరుగుతోంది.  ముందుగా మాట్లాడింది కాకే. "సెలెక్షన్ పోయినందుకు నాకిప్పటికీ కడుపుల మండుతది. అబద్ధమెందుకు? నేను గుద్దింది ఖరాబు మనసుతోని కాదు, గెలవాలని గుద్దిన. ఇయ్యాల ఆ పోరడు కూడ గట్లనే గుద్దిండు. వాన్ని పంపుడు మాత్రం సక్కగనే పంపిండ్రు." నిహ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి ఆయన చెయ్యి పట్టుకుంది.

నా మాట కూడా అదే. నేను ముప్పై ఏళ్ళుగా వైద్య పరికరాలు తయారుచేసే ఫ్యాక్టరీల్లో నాణ్యత చూసే పనిలో ఉన్నాను. పరికరం పాడై ఎవరికీ ఏమీ కాకపోయినా, పాడైందని తెలిసిన క్షణం లైను ఆపేస్తాం. ఎవరైనా చనిపోయేదాకా ఆగి, అప్పుడు తప్పా ఒప్పా అని చూడం. గుద్దినవాడి మనసు మంచిదా, పడినవాడు లేచాడా అన్నవి తర్వాతి సంగతులు. తప్పుకునే దారి లేనివాణ్ణి గుద్దాడా, లేదా? గుద్దితే పంపాలి, ఎంత గొప్ప ఆటగాడైనా, ఎంత పెద్ద ఆటైనా. ఇప్పుడు ఆ పని చెయ్యడానికి చుట్టూ కెమెరాలున్నాయి. మరునాడు కొందరు గదిలో కూర్చుని, ఆ గుద్దును నెమ్మదిగా ముందుకూ వెనక్కూ తిప్పి చూసి, ఎన్ని ఆటలు బయట ఉంచాలో తేలుస్తారు. వాళ్ళెవరూ ఆ రాత్రి ఆ ఆటగాడితో ఒకే కప్పు కింద పడుకోనక్కర్లేదు. బాపుకు ఒక ఈల ఉంది, రెండు కళ్ళున్నాయి, ఇంట్లో తమ్ముడున్నాడు. ఇన్ని కెమెరాలతో వీళ్ళు చేరుకునే చోటికే ఆయన ఒక్క చూపులో చేరుకున్నాడని నాకు గర్వం.

మరునాడు సోమవారం ఇక్కడ సెలవు. టిఫినయ్యాక కాక మొగిలికి వీడియో కాల్ చేసి, ఫోన్‌ని చక్కెర డబ్బాకు ఆనించాడు. అక్కడ మధ్యాహ్నం దాటింది. మొగిలి కూలరు ముందు బనీనుతో కూర్చుని ఉన్నాడు. మంచు మీద ఆట గురించి కాక చేతులు తిప్పుతూ చెబుతుంటే ఆయన పడీపడీ నవ్వాడు. నిహ వంగి, వచ్చీరాని తెలుగులో అడిగేసింది.

"తాతా, మిమ్మల్ని కొట్టినందుకు ఈ తాతని పంపించారు కదా. అది రైటేనా?"

మొగిలి నవ్వు ఆపాడు. 

"నేను కింద పడ్డప్పుడు, బిడ్డా, మీ కాలనీ జనమంత ఒర్రుతున్నరు. నాటకం, నాటకం, లే పోరగా అని. నొప్పికి నాకు ఊపిరి ఆడతలేదు. అయినా అందరు గట్ల అంటుంటే, నిజంగనే నాకు ఏం కాలేదేమో, నేనే దొంగ ఏడుపు ఏడుస్తున్ననేమో అనిపించింది. గప్పుడు మీ పెద్ద తాత చెయ్యి చూపెట్టి ఐలయ్యను బయటికి పంపిండు. సప్పుడు బందైంది. నాది నిజం దెబ్బనే అని నాకు గప్పుడు నమ్మకమొచ్చింది."

నాకు ఆ అరుపులు గుర్తులేవు. నేను ఆ జనంలోనే ఉన్నాను, గంతులే గుర్తున్నాయి. కాక కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఇన్నేండ్ల సంది నాకీ మాట చెప్పకపోతివి?"

"నువ్వు దవాఖానకు వచ్చినప్పుడు బత్తాయి ఒల్చి పెడుతుంటివి. నీ మొఖం చూసి ఏం చెప్పాలె? తప్పులేదన్న. నీకు నిద్రపడుతదని అన్న."

 కాక కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఫోన్ దగ్గరికి వంగాడు.

"ఆ దెబ్బ తాకిన దిక్కు చెయ్యి ఎంతదాక లేస్తది ఇప్పుడు? లేపు, చూస్త."

మొగిలి లేపాడు. చెవిదాకా వచ్చి ఆగిపోయింది. నిహ ఫోన్ చేతిలోకి తీసుకుని, భుజం వదులయ్యే వ్యాయామమొకటి చెబుతానంటూ, ముందు గోడ దగ్గరికి పోయి నిలబడమంది. వేళ్ళతో గోడ మీద నెమ్మదిగా పైకి పాకించమని, నొప్పి మొదలైనచోట ఆగమని చెప్పింది. నేను తెలుగులో చెబుతుంటే అక్కడ మొగిలి గోడకు వేళ్ళు ఆనించాడు. ఇక్కడ కాక కూడా లేచి, మా వంటింటి గోడకు తన వేళ్ళు ఆనించి, "నాతోని రా మొగిలీ, మెల్లగ. తొందరేం లేదు" అంటూ ఆయనతోపాటు పైకి పాకించసాగాడు.